ఆ గోడ ఎవరిది?

మన ఊళ్లలో ఖాళీ గోడ కనబడితే ఏమవుతుందో అందరికీ తెలిసిందే. ఎన్నికలు ఇంకా ఆర్నెల్లున్నాయనగానే ఏదో ఒక పార్టీ సున్నం కొట్టించి 'రిజర్వుడు' అని రాసేస్తుంది. లేదంటే సినిమా పోస్టరో, ట్యూషన్ సెంటరు ప్రకటనో. అవీ లేకపోతే జరిగేది చెప్పక్కర్లేదు. 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని ఎన్నిసార్లు రాసినా లాభం లేక, విసిగిపోయిన ఇంటాయన చివరికి వేంకటేశ్వరస్వామి, ఏసుక్రీస్తు, మక్కా బొమ్మలున్న టైల్స్ వరసగా అతికిస్తాడు. గోడ బతుకుతుంది!

అమెరికాలోని ఫిలడెల్ఫియాకీ ఒకప్పుడు గోడల గొడవే. ఆ ఊరిని పట్టి పీడించింది రంగు డబ్బాల కుర్రాళ్లు. 1960ల్లో అక్కడ ఓ నల్లజాతి పిల్లాడుండేవాడు. పేరు డారిల్ మెక్రే. బాలనేరస్థుల వసతిగృహంలో ఉన్నప్పుడు, అమ్మమ్మ చేసే మొక్కజొన్న రొట్టె కావాలంటూ వంటవాణ్ని వేధిస్తే, ఆయన విసుక్కుని 'కార్న్‌బ్రెడ్' అని పేరు పెట్టాడట. బయటికొచ్చాక ఆ పేరునే ఊరంతా గోడల మీద రాసుకుంటూ పోయాడు. అతను చనిపోయాడని పత్రికలో పొరపాటున వార్త పడితే, తాను బతికే ఉన్నానని చాటుకోవడానికి జంతు ప్రదర్శనశాలకెళ్లి ఏనుగు ఒంటి మీదే రాశానని చెప్పుకొన్నాడు. గోడల మీద పేర్లు రాసే ఆధునిక గ్రాఫిటీకి ఆద్యుల్లో అతనొకడని ఇప్పుడు పుస్తకాలే చెబుతున్నాయి. పాపం, ఏనుగు అభిప్రాయం ఎవరూ అడగలేదు!

ఒకణ్ని చూసి వందమంది. 1980ల నాటికి రాతల్లేని గోడ, రైలు, వంతెన కనిపించడం అరుదైపోయింది. 1984లో ఆ నగరానికి తొలి నల్లజాతి మేయరుగా వచ్చిన విల్సన్ గూడ్ దీన్ని అరికట్టేందుకు ఓ విభాగం పెట్టాడు. ఇకమీదట రాయం అని సంతకం చేసిన కుర్రాళ్లకు శిక్ష బదులు పని చూపించాలన్నది పథకం. వాళ్లకు బొమ్మలు నేర్పే పనికి జేన్ గోల్డెన్ అనే యువతిని తీసుకున్నారు. అంతకుముందు ఆమె లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసిన చిత్రకారిణి. రాత్రిళ్లు దొంగచాటుగా రంగులు చిమ్మిన చేతులకే పట్టపగలు కుంచెలిచ్చి, గోడ అప్పగించిందామె. 1996లో ఇదే 'మ్యూరల్ ఆర్ట్స్' కార్యక్రమంగా మారింది. 1984 నుంచి ఇప్పటిదాకా నాలుగు వేలకు పైగా చిత్రాలు లేచాయి. ఏనుగు మీద రాసిన కార్న్‌బ్రెడ్ సైతం పెద్దయ్యాక వీళ్లతో కలిసి, గోడలు పాడుచేయొద్దని పిల్లలకు చెప్పాడు.

అన్ని బొమ్మలకు గోడలెక్కడివి? అక్కడే ఉంది కిటుకు, కొంచెం విషాదం కూడా. ఫిలడెల్ఫియాలో ఇళ్లు ఒకదానికొకటి అంటుకుని వరసగా ఉంటాయి. ఫ్యాక్టరీలు మూతపడి, జనం శివార్లకు తరలిపోయి, 1950లో 20 లక్షలు దాటిన జనాభా 2000 నాటికి 15 లక్షలకు పడిపోయింది. పాడుబడ్డ ఇళ్లను కూలగొడుతుంటే, పక్కింటి గోడ మూడంతస్తుల ఎత్తున బోసిగా బయటపడేది. అంటే బొమ్మ వేసిన ప్రతి గోడ పక్కనా ఒకప్పుడు ఓ సంసారం ఉండేదన్నమాట.

గోడ ఉంది, చిత్రకారుడున్నాడు, రంగులున్నాయి. ఇంకేం, మొదలుపెట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ముందు గోడ యజమాని ఒప్పుకోవాలి. తర్వాత ఆ వీధి వాళ్లు కూర్చోవాలి. చర్చిలోనో, బడిలోనో సమావేశాలు. ఏం బొమ్మ కావాలి? ఎవరి బొమ్మ కావాలి? చిత్రకారుడు నమూనా గీసి తెస్తే, ఇది మార్చు, అది తియ్యి అంటారు. మళ్లీ గీయాలి. రంగులు వేయడానికి పట్టే కాలం కన్నా మాటలకు పట్టే కాలమే ఎక్కువ. ఊరిపెద్దలు విగ్రహం దగ్గర రిబ్బను కత్తిరించేదాకా అది ఎవరిదో జనానికి తెలియని చోట్ల, ఈ పద్ధతి వింతగానే ఉంటుంది.

ఈ మాటల వల్ల బొమ్మలే మారిపోతాయి. 1990లో బాస్కెట్‌బాల్ వీరుడు జూలియస్ ఎర్వింగ్ నిలువెత్తు బొమ్మ వేశారు. మూడంతస్తుల ఎత్తు. చేతిలో బంతి లేదు, ఒంటి మీద ఆట దుస్తులు లేవు. పెద్దమనిషిలా సూటు వేసుకుని నిలబడి ఉంటాడు. ఆ పేట పిల్లలకు కనిపించింది ఆటగాడు కాదు, తమలోంచి వచ్చి హుందాగా నిలిచిన మనిషి. 1997లో మెగ్ సాలిగ్మన్ ఎనిమిదంతస్తుల గోడ మీద వేసిన 'కామన్ థ్రెడ్స్' కథ ఇంకోరకం. ఆ గోడ దగ్గర్లో రెండు హైస్కూళ్లున్నాయి. ఒక స్కూలు పిల్లలు ఇంకో స్కూలు పిల్లలతో కలిసేవాళ్లు కాదు. ఆమె ఆ పిల్లలనే మోడళ్లుగా పెట్టుకుని, తన అమ్మమ్మ నాటి పింగాణీ బొమ్మల భంగిమల్లో వాళ్లను నిలబెట్టింది. రోజూ ముఖం తిప్పుకుని పోయేవాళ్లు ఒకే గోడ మీదికెక్కారు.

అన్నిటికన్నా కష్టమైన గోడ గ్రేస్ ఫెర్రీ అనే పేటలోది. 1997లో అక్కడ ఒక నల్లజాతి కుటుంబం మీద తెల్లవాళ్ల గుంపు దాడి చేసింది. కొన్ని వారాలకే మందుల షాపు దోపిడీలో ఓ తెల్లజాతి కుర్రాడు హతమయ్యాడు. పేటంతా రెండుగా చీలింది. ఊరేగింపులు, ఎదురు ఊరేగింపులు. అలాంటి చోట బొమ్మ గురించి మాట్లాడుకుందాం రండి అంటే ఎవరు వస్తారు? అయినా జేన్ గోల్డెన్, పీటర్ పగాస్ట్ ఆ పని తలకెత్తుకున్నారు. 1998లో 'పీస్ వాల్' తయారైంది. మొహాలు లేవు, నినాదాల హోరు లేదు. నలుపు, తెలుపు, చామనఛాయ... రకరకాల చేతులు ఒకదాని మీద ఒకటి ఆనించి ఉంటాయి. ఆ బొమ్మతో కక్షలన్నీ మాయమైపోయాయంటే అబద్ధమే. కానీ ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ రోజుల్లో అదే పెద్ద పని.

మరి వీధిలో సగం మందికి ఇష్టమై, సగం మందికి గుండెల్లో గుచ్చుకునే బొమ్మయితే? ఫ్రాంక్ రిజో అని ఒకప్పటి పోలీసు కమిషనరు, 1972 నుంచి 1980 దాకా మేయరు. ఇటాలియన్ మార్కెట్ వాళ్లకు ఆయన తమ ఇంటి మనిషి. నల్లజాతి వాళ్లకు మాత్రం ఆయన పేరు చెబితే పోలీసు లాఠీ గుర్తుకొచ్చేది. 1995లో మార్కెట్లో ఆయన బొమ్మ వేస్తే, ఎన్నోసార్లు దాని మీద రంగు పోశారు. పోసినప్పుడల్లా బాగుచేశారు. చివరికి 2020లో, జార్జ్ ఫ్లాయిడ్ హత్యపై నిరసనలు మిన్నంటిన వేళ, ఇక దాన్ని బాగుచేసేది లేదని మ్యూరల్ ఆర్ట్స్ తేల్చి చెప్పింది. యజమాని ఒప్పుకోవడంతో జూన్‌లో ఓ రాత్రి రంగు పూసి కప్పేశారు. ఒక వీధి వాళ్లనే అడిగితే చాలదు, ఆ దారిన నడిచే వాళ్లనూ అడగాలన్న సంగతి పాతికేళ్లకు తెలిసొచ్చింది.

సరదా గోడలూ ఉన్నాయి. స్టీవ్ పవర్స్ కుర్రతనంలో పశ్చిమ ఫిలడెల్ఫియా మిద్దెల మీద దొంగరాతలు రాసినవాడు. 2009లో అదే పేటకు తిరిగొచ్చి, ఈసారి అనుమతితోనే 50 గోడల మీద ప్రేమలేఖ రాశాడు. ఆకాశమార్గాన పోయే లోకల్ రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, స్టేషన్ దాటుతున్న కొద్దీ ఒక్కో వాక్యం కళ్లముందుకొస్తుంది. ఉత్తరం చదవాలంటే రైలు టిక్కెట్టు కొనాలి!

ఇంత ఎత్తు గోడల మీద పిల్లలు, ముసలివాళ్లు ఎలా బొమ్మలేస్తారు? అందరూ పరంజా ఎక్కలేరు కదా. దానికో ఉపాయముంది. చిత్రకారుడి నమూనాను గళ్లుగా విడదీసి, అయిదడుగుల చదరం గుడ్డ ముక్కల మీద గీస్తారు. వాళ్ల భాషలో అది 'పారాచూట్ క్లాత్'. నేత లేని పలుచటి పాలిస్టర్ గుడ్డ. ప్రతి గీత మధ్యా ఓ అంకె ఉంటుంది, అంకెకో రంగు. ముగ్గులో రంగులు నింపినట్టే, బడిపిల్లలు, అమ్మమ్మలు ఏ హాల్లోనో కూర్చుని నింపేస్తారు. ఎండిన ముక్కలను తీసుకెళ్లి గోడకు జిగురుతో అతికిస్తే, అది గుడ్డ అన్న సంగతే తెలియదు. గోడలో గోడ అయిపోతుంది.

ఈ గుడ్డ పుణ్యాన జైల్లో ఉన్నవాళ్లకూ కుంచె దొరికింది. నగరానికి దాదాపు 30 మైళ్ల దూరంలో గ్రేటర్‌ఫర్డ్ అనే పెద్ద జైలుండేది. 2018లో మూసేశారు. 2000ల మొదట్లో అక్కడి ఖైదీలు గోడబొమ్మ వేస్తామని ముందుకొచ్చారు. వాళ్లలో హత్యానేరం మీద యావజ్జీవం పడ్డవాళ్లున్నారు. పెన్సిల్వేనియాలో యావజ్జీవమంటే చివరి శ్వాస దాకానే, పెరోలు ఉండదు. బొమ్మ కోసం వాళ్లనూ, నేరాలకు అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలనూ ఒకచోట కూర్చోబెట్టారు. తొలి సమావేశాలు మాటామాటా పెరిగి చెడిపోయాయి. తమ మార్పు, తమ పశ్చాత్తాపం కనబడాలని వాళ్లు. మా బిడ్డ ఏమైపోయాడో కనబడాలి కదా అని వీళ్లు. రెండూ ఒకే గోడ మీద ఇమడవని తేలింది.

చివరికి రెండు గోడలు తీసుకున్నారు. జెర్మన్‌టౌన్ అవెన్యూలో, దగ్గర దగ్గరగా. సీజర్ వివెరోస్, పారిస్ స్టాన్సెల్ అనే చిత్రకారులు నమూనాలు గీశారు. ఒక గోడ మీద ఖైదీల ప్రయాణం, ఇంకో గోడ మీద బాధితుల ప్రయాణం. ఖైదీలు, బాధితులు జైల్లోనే బల్లల ముందు పక్కపక్కన కూర్చుని ఆ గుడ్డ ముక్కలకు రంగులద్దారు. 2004లో రెండు బొమ్మలూ గోడకెక్కాయి. 'హీలింగ్ వాల్స్' అని పేరు పెట్టారు.

ఆవిష్కరణకు బాధిత కుటుంబాలు వచ్చాయి. ఆ వీధి వాళ్లు వచ్చారు. రంగులు వేసిన ఖైదీలు మాత్రం ఆ సాయంత్రం ఎప్పటిలాగే జైలు గదుల్లో ఉన్నారు. వాళ్ల గుడ్డ బయటికెళ్లింది.