భుజం కుదురు

కుండ ఒరగకుండా అడుగున కుదురు పెడతాం. మన భుజంలోనూ అటువంటి కుదురొకటి ఉన్నది. జబ్బ ఎముక తల పెద్దది. అది కూర్చునే గిన్నెకు లోతు తక్కువ. గిన్నె అంచు చుట్టూ అల్లుకున్న మెత్తని వలయమే ఆ తలను నిలబెడుతుంది. వైద్యులు దానిని లాబ్రం అంటారు. అది చిరిగితే ఏ చికిత్సను ఎంచుకోవాలన్నది ఈ టపా విషయం. నేను వైద్యుణ్ణి కాను. చదివి ఆలోచించినది చెబుతున్నాను.

జనగామలో తాడిచెట్టెక్కే గీత కార్మికుడికీ, మహబూబాబాదులో మిర్చి బస్తాలు మోసే హమాలీకీ, భూపాలపల్లి గనిలో దిగే బొగ్గు కార్మికుడికీ భుజమే బతుకుతెరువు. ఎమ్మారై కాగితంలో 'చిరుగు' అన్న మాట కనబడగానే వారి ఇళ్లలో ఆపరేషను ఖర్చు లెక్కలు మొదలవుతాయి. నా అభ్యంతరం ఇక్కడే. చిరుగు ఉండటం వేరు, నొప్పికి అదే కారణం కావటం వేరు. భుజం నొప్పి లేని 45-60 ఏళ్లవారికి ఎమ్మారై తీసిన ఒక అమెరికా అధ్యయనంలో (2016) సగానికి పైగా మందికి కుదురు పైభాగాన చిరుగులు కనిపించాయి. నార్వేలో అటువంటి చిరుగే ఉన్న 118 మంది రోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు చిరుగు కుట్టారు. ఒక జట్టుకు కండ కొసను వేరేచోట అతికించారు. మూడో జట్టుకు పైపై గాట్లు మాత్రమే పెట్టారు. రెండేళ్లకు చూస్తే మూడు జట్లకూ దాదాపు ఒకే మేలు! ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి.

అలాగని కత్తి దండగ అనను. కబడ్డీ ఆడే ఇరవై ఏళ్ల కుర్రవాడికి భుజం జారి, కుదురు ముందుభాగం ఊడితే కథ వేరు. ఆ గాయాన్ని బ్యాంకార్ట్ అనే ఆంగ్ల వైద్యుడు 1923లోనే వర్ణించాడు. ఆ వయసులో ఒకసారి జారిన భుజం మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ. జారిన ప్రతిసారీ ఎముక కూడా అరుగుతుంది. అక్కడ కుట్టటమే మేలు కావచ్చు. నాటువైద్యుడి చేత పదేపదే లాగించుకోవటం మాత్రం మేలు కాదు.

కనుక వైద్యుణ్ణి మొదట అడగవలసినది "చిరుగు ఎంత?" అని కాదు. "నా భుజం జారుతున్నదా, నొప్పి మాత్రమేనా? కొన్ని నెలల వ్యాయామం చేసి చూడవచ్చునా? కుట్టిన తర్వాత ఎన్నాళ్లకు పనిలోకి వెళ్లగలను?" అని. కుట్టిన చేతికి కొన్ని వారాలు జోలె తప్పదు. బరువులెత్తటానికి నెలలు పడుతుంది. ఆ నెలల కూలి కూడా చికిత్స ఖర్చే.

ఆపరేషనుకు వరంగల్లో హైదరాబాదో ఒకసారి పోయి రావచ్చు. వ్యాయామం నేర్చుకోవటానికి వారం వారం పోగలమా? రైలు సౌకర్యమైనా లేని భూపాలపల్లి మనిషిని అడిగి చూడండి. మహబూబాబాదుకు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మంచిదే. వాటి అనుబంధ ఆసుపత్రులలో ఫిజియోథెరపీకి శస్త్రచికిత్సతో సమానమైన పీట వేయాలని నా కోరిక. చాలా భుజాలకు అసలు వైద్యం అక్కడే జరుగుతుంది.

మీరేమంటారు?