పెనము గిటారు, దాని తోబుట్టువులు

పాతదైన ప్రతి వస్తువును మేలైనదే యనుకొనుట లోకమున నొక వాడుక. పట్టుచీరల విషయమున అది కొంతవఱకు నిజము కావచ్చును గాని, వాద్యముల విషయమున విచారింపక నమ్మరాదు. ఒకే కార్ఖానాలో ఒకే పేరుతో తయారైన రెండు వాద్యములకు పదియేండ్ల యెడము వచ్చినంతనే గొంతు మాఱిపోవుట కలదు. ఈ సంగతి ఉక్కు గిటారు చరిత్రమున స్పష్టముగా కానవచ్చుచున్నది గనుక, ఈ నెల దానిని గూర్చి సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

గోటువాద్యమును చూచినవారికి ఈ వాద్యపు మర్మము క్రొత్త గాదు. తంత్రులను వ్రేళ్లతో అదుముటకు బదులు, నునుపైన కడ్డీని వానిపై జార్చి స్వరమును పలికింతురు. ఆ ఉక్కు కడ్డీని బట్టియే గిటారుకు ఈ పేరు వచ్చెను గాని, వాద్యమంతయు ఉక్కని కాదు. హవాయి దీవులలో జోసెఫ్ కెకుకు అను విద్యార్థి 1889 ప్రాంతమున ఈ పద్ధతిని కనిపెట్టెనని చెప్పుదురు. వాద్యమును ఒడిలో వెల్లకిల పరుండబెట్టి వాయింతురు.

ఒడిలోని వాద్యపు సన్నని నాదము పెద్ద సభలలో వినరాదు. ఆ లోపమును తీర్చుటకు అమెరికాలో జార్జి బీచం, అడాల్ఫ్ రికెన్‌బేకర్ మొదలగువారు పూనుకొనిరి. 1931లో కొయ్యతో నమూనా చేసి, 1932లో అల్యూమినియమును పోతపోసిన విద్యుత్ గిటారును అమ్మకమునకు తెచ్చిరి. గుండ్రని చిన్న ఒడలు, పొడుగాటి మెడ. చూచినవారందఱు దానికి వేపుడు పెనమని పేరు పెట్టిరి. ఆ పేరు పెట్టినవారెవరో గాని వంటిల్లు బాగుగ నెఱిగినవారే! లాడమువంటి రెండు అయస్కాంతముల నడుమనుండి తంత్రులు సాగును. వాని క్రింద సన్నని రాగితీగ చుట్ట యుండును. ఉక్కుతంత్రి కంపించినపుడు ఆ చుట్టలో విద్యుత్తు పుట్టి, యంత్రము ద్వారా పెద్ద నాదమగును.

పెనమునకు పెనము గుణమే వచ్చెను. రంగస్థల దీపముల వేడికి లోహము వ్యాకోచించి శ్రుతి తప్పుచుండెను. కచ్చేరి నడుమ మాటిమాటికి బిరడలు త్రిప్పుకొను గాయకుని అవస్థ మన కెఱుకయే గదా. అందువలన 1935లో ఆ కంపెనీవారు బేకలైటుతో వేఱొక గిటారును చేసిరి. పాతకాలపు రేడియో పెట్టెలు, విద్యుత్ మీటలు ఆ నల్లని పదార్థముతోనే యుండెడివి. అది వేడికి అంతగా చలింపదు. ఒడలిలోని గుల్లలపై మెఱయు క్రోమియపు రేకులు బిగించిరి. తరువాత తెల్లరంగు రేకులు వచ్చెను. మా చెవికి పెనము గిటారు గొంతు చుఱుకుగను, బేకలైటుది నిండుగను తోచును.

1942 మొదలు యుద్ధము ముగియువఱకు అమెరికాలో ఇట్టి వాద్యముల తయారీ నిలిచిపోయెను. మరల మొదలైనపుడు బేకలైటు గిటారు అదే రూపున వచ్చినను, అందు రెండు మార్పులు జరిగెను. మునుపు 1½ అంగుళముల వెడల్పుండిన అయస్కాంతములు 1¼ అంగుళములకు తగ్గెను. మునుపు తంత్రులు ఒడలిలోని రంధ్రములగుండ దూరి బిగింపబడుచుండెను. ఇప్పుడు వానిని చివర లోహపు కొక్కెపుపట్టీకి తగిలించిరి. పావు అంగుళమేమి లెక్క యని నవ్వరాదు. వాద్యగాండ్రు యుద్ధపూర్వపు గిటారులనే వెదకి కొనుచుండుట వీనివలననే. జెఱ్ఱీ బర్డ్ వంటి ప్రసిద్ధుడు, 1950వ దశకమున కాలితో త్రొక్కు పెడళ్ల గిటారులు వచ్చి తోడివారందఱు అటు మళ్లినను, పెడళ్లు లేని వాద్యమునే కడవఱకు వాయించెను.

అమ్మజూపువారు రేకుల మెఱుగును చూపి కాలమును చెప్పుదురు. అది నమ్మదగిన గుర్తు కాదు. రేకులను మఱలు విప్పి సులభముగ మార్చవచ్చును. తంత్రులు ఎక్కడ బిగింపబడినవో చూడవలెను, కొలబద్దతో అయస్కాంతపు వెడల్పు కొలువవలెను. అయస్కాంతము బలహీనమైనచో తిరిగి బలము కూర్చవచ్చును. తీగచుట్ట తెగినచో తిరిగి చుట్టవచ్చును. పాడైనదని వానిని తీసి పాఱవేసి క్రొత్తవి పెట్టించిన యెడల, మిగులునది నల్లని పెట్టెయే గాని ఆ గొంతు కాదు. మఱమ్మతు చేయువానికి ఈ మాట ముందుగనే గట్టిగా చెప్పవలెను. బేకలైటు పెళుసు పదార్థము. క్రింద పడిన పగులును, మెడను బిగించు మఱలను అతిగా త్రిప్పినను పగులును.

ఈ చరిత్రమున పురుషుల పేర్లే మిక్కిలిగా వినబడును. అయినను షికాగోకు చెందిన లెట్రీషియా కాండిల్ అను యువతి 1937లో గ్రాండ్ లెటార్ అను ఉక్కు గిటారును కల్పించెను. దానికి 26 తంత్రులు. లోపల రంగురంగుల దీపములు. ఒడిలో నుంచుకొనుటకు బదులు నిలుచుండి వాయించునట్లు దానిని పీఠముపై నమర్చిరి. అది బజారున అమ్మకమునకు రాలేదు గాని, ఆమె దానిని సభలలో వాయించెను. ఆమె 2010లో మరణించెను. ఆమె పేరు వాద్యగ్రంథములలో ఇంకను విస్తారముగ రావలసియున్నది.

మన దేశమున బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారును ఒడిలో నుంచుకొని హిందూస్థానీ రాగములను పలికించెను. 1967లో వచ్చిన కాల్ ఆఫ్ ది వ్యాలీ అను రికార్డులో ఆయన వాదనమును వినవచ్చును. గమకములకు, జాఱులకు అలవాటుపడిన మన చెవికి ఈ వాద్యము పరాయిదిగా తోపదు.

క్రొత్తగా నేర్వగోరు సోదరీమణులు యుద్ధపూర్వపు వాద్యమునకై ధనము వెచ్చింపవలసిన పనిలేదని మా యభిప్రాయము. యుద్ధానంతరపు బేకలైటు గిటారు చక్కగా చాలును. కొనుటకు ముందు దానికి శ్రుతి చేసి, అరగంట వాయించి, మరల శ్రుతి చూడవలెను. ఏ తంత్రి దిగినదో ఆ బిరడనే మొదట పరీక్షింపవలెను.