మామూలు అనే మాట

ఉర్దూలో 'మామూల్' అంటే అలవాటు, నిత్యం జరిగే పద్ధతి. ఉదయం లేచి నడకకు పోవడం ఒకరి మామూల్. రాత్రి నిద్రకు ముందు నాలుగు పుటలు చదవడం మరొకరి మామూల్. అరబ్బీలో పుట్టి ఫారసీ మీదుగా మన నేలకు వచ్చిన ఈ మాట తెలుగులో స్థిరపడి రెండు అర్థాలు సంపాదించుకున్నది. ఒకటి సాధారణమైనది అని. రెండవది కచేరీలలో బల్ల కింద చేతులు మారే సొమ్ము అని. 'వాడి మామూలు వాడికి ముట్టింది' అన్న వాక్యానికి మన విద్యార్థులలో ఎవరికీ వ్యాఖ్యానం అక్కరలేదు. ఈ అర్థాన్ని ఏ నిఘంటుకర్తా కల్పించలేదు. ప్రజల అనుభవమే దానిని పుట్టించింది. మొదటిసారి ఇచ్చినప్పుడు అది లంచమే. నూరవసారి ఇచ్చేనాటికి అది మామూలు. అప్పటికి ఇచ్చేవాడి కోపమూ, పుచ్చుకునేవాడి సిగ్గూ రెండూ అరిగిపోయి ఉంటాయి.

ఉద్యోగ జీవితంలో నైతిక విలువలను గురించి ఏదైనా రాయవలసిందని సంచిక సంపాదకులు కోరారు. ఈ శీర్షికపై వ్యాసాలు కళాశాల సంచికలకు కొత్త కావు. సత్యం ఒక పేరా, శ్రమ ఒక పేరా, క్రమశిక్షణ ఒక పేరా, చివర ఒక సూక్తి. అటువంటివి మేమూ రాసి ఉన్నాము. వాటివల్ల ఎవరికీ హాని జరగలేదు, మేలూ జరగలేదు. ఈసారి ఆ దారి వదలి, మామూలుగా మారిన కొన్ని సంగతులను మాత్రమే విద్యార్థుల ముందు, కార్యవర్గ పెద్దల ముందు ఉంచదలచాము.

ఎం.ఏ. పూర్తయిన తరువాత, ఈ కళాశాలలో చేరడానికి ముందు, మేము ఒక జిల్లా పట్టణంలోని కార్యాలయంలో ఏడాదిపాటు తాత్కాలిక గుమాస్తాగా పనిచేశాము. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. ప్రతి శనివారం సాయంత్రం ఆ వారం వసూలైన మొత్తం ఒక కవరులో వచ్చేది. హోదాను బట్టి వాటాలు. మొదటి శనివారం మేము మా వాటా తీసుకోలేదు. ఎవరూ కోపగించలేదు, ఎవరూ బెదిరించలేదు. సోమవారం మధ్యాహ్నం భోజనాల వేళ మా పక్క కుర్చీ మాత్రం ఖాళీగా ఉన్నది. మంగళవారమూ అంతే. 'పాపం, కొత్త' అన్నారు. మరికొందరు మా పేరును పట్టుకుని 'వీళ్ళు మనతో కలవరు' అన్నారు. కవరు ముట్టకపోవడానికీ మా మతానికీ సంబంధమేమిటో మాకు నేటికీ బోధపడలేదు. నాలుగవ నెల వచ్చేసరికి ఆ కవరులోని డబ్బుతో తెప్పించిన చాయ్‌ని అందరితో పాటు మేమూ తాగసాగాము. నోటు తీసుకోలేదు గదా అని మనస్సును సమాధానపరచుకున్నాము. చాయ్ కూడ వాటాయే. ఆ సంగతి మాకు అప్పుడే తెలుసు.

ఈ ఉదంతాన్ని చెప్పుకోవడంలో ఒక ప్రయోజనం ఉన్నది. నిజాయితీ, కలుపుగోలుతనం వేరువేరు సద్గుణాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పనిచేసే చోట అవి వేరు కావు. తప్పులో పాలుపంచుకోనివాడిని పంక్తి నుంచి వేరు చేయడం ద్వారానే తప్పు నిలుస్తుంది. ముందే వేరుగా ఉన్నవాడికి, అంటే పేరు వల్లనో, కులం వల్లనో, స్త్రీ అయినందువల్లనో అంచున కూర్చున్నవాడికి, కాదనే శక్తి ఇంకా తక్కువ. ఒక కుర్చీ ఖాళీగా ఉంచితే చాలు, అతడు దారికి వస్తాడు. మేము వచ్చాము.

కుర్చీ కంటే పాతది మంచినీళ్ళ కుండ. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలోను, లండన్‌లోను చదివిన డాక్టర్ అంబేద్కర్ 1917లో బరోడా సంస్థానపు కొలువులో చేరినప్పుడు అక్కడి బంట్రోతులు ఆయన చేతికి కాగితాలు అందించక దూరం నుంచి బల్లపై విసిరేవారు. మరుసటి ఏడాది బొంబాయిలోని సిడెన్హామ్ కళాశాలలో ఆచార్యుడైనప్పుడు తోటి ఆచార్యులు కొందరు తమ కుండలోని నీరు ఆయన తాగరాదని అభ్యంతరం చెప్పారు. బంట్రోతుకు చదువు లేదనుకుందాం. ఆచార్యులకు ఏమి లేదు? వారు దుర్మార్గులై ఉంటారని మేము అనుకోము. బహుశా పాఠాలు చక్కగా చెప్పేవారే కావచ్చు. కుండ విషయం వారికి మామూలు.

గురివింద గింజ తన కింద నలుపు ఎరుగదంటారు. మన అధ్యాపకుల గదిలో మూడేండ్లపాటు మేము చూడనిది ఒకటి ఉన్నది. చాయ్ గ్లాసులన్నీ పళ్ళెంలో బోర్లించి ఉండేవి. ఒక స్టీలు గ్లాసు మాత్రం విడిగా కిటికీ మీద ఉండేది. ఒకనాడు నోటుపుస్తకాలు తెచ్చిన ప్రథమ సంవత్సరం విద్యార్థిని, "సార్, ఆ గ్లాసు ఎవరిది?" అని అడిగింది. గదులు ఊడ్చే అమ్మది. అక్కడ ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు. ఎప్పటి నుంచి? ఎప్పటి నుంచో. ఆ అమ్మాయి ఇంకేమీ అనలేదు. పుస్తకాలు బల్లపై ఉంచి వెళ్ళిపోయింది. సమానత్వాన్ని గురించి ఆ వారమే తరగతిలో పాఠం చెప్పి ఉన్న మేము ఆ గదిలో చాలాసేపు కూర్చుండిపోయాము. అస్పృశ్యతను రాజ్యాంగం 17వ అధికరణంలో నిషేధించిందని ఆ గదిలో తెలియనివారు లేరు. మేము కులం పాటించమని చెప్పుకునేవాళ్ళమే ఆ గదిలో ఎక్కువమంది. అయినా ఆ గ్లాసు అక్కడికి చేరింది. చేరి, కదలకుండా ఉన్నది.

ఇక చట్టాల సంగతి. పనిచేసే చోట స్త్రీల గౌరవాన్ని గురించి సుప్రీంకోర్టు 1997లో విశాఖ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో చట్టం వచ్చింది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోను అంతర్గత కమిటీ ఉండాలి, దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యులలో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. మన కళాశాలలోనూ అటువంటి కమిటీ ఉన్నది, నోటీసు బోర్డుపై కాగితమూ ఉన్నది. అందులోని పేర్లు మన విద్యార్థినులలో ఎందరు చెప్పగలరో కార్యవర్గం వారు ఒకసారి విచారించాలని కోరుతున్నాము. వికలాంగుల హక్కులకు 2016లో చట్టం వచ్చింది; ఫీజు కట్టే గది నేటికీ మేడమీదనే ఉన్నది. దీనిని గురించి ఇంతకంటే రాయవలసిన అవసరం లేదు, కిందికి దించితే చాలు.

భాష విషయం కొంత సున్నితమైనది. ఉర్దూకు తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను రెండవ అధికార భాష స్థానం లభించింది. దరఖాస్తు ఉర్దూలో ఇచ్చే హక్కు చట్టం ఇచ్చింది. దానిని అందుకునే ముఖంలోని విసుగును చట్టం తొలగించలేదు. కౌంటరు దగ్గర ఆ విసుగు ఎదురైనప్పుడు మన పిల్లలు చిన్నబోతారు. అదే మన సమావేశాలలో చర్చ తెలుగులో మొదలై, ఉత్సాహం పెరిగినకొద్దీ ఉర్దూలోకి జారి, ఒక షేరుతో అందరూ నవ్వినప్పుడు, ఉర్దూ రాని మా టైపిస్టు ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వడం మేము గమనించాము. అతడు దేనికి నవ్వాడో అతడికి తెలియదు. ఇటువంటి నవ్వు మేమూ ఆ జిల్లా కార్యాలయంలో అనేకసార్లు నవ్వి ఉన్నాము.

చివరిదీ, అన్నిటికంటే చెప్పడానికి కష్టమైనదీ సిఫారసు. ఈ మాట కూడ ఫారసీ నుంచి వచ్చి ఉర్దూ, తెలుగు రెండింటిలోను హాయిగా స్థిరపడినదే. మైనారిటీలు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కు కోసం పెద్దలు పడిన శ్రమ మాకు తెలుసు. తాత్కాలిక ఉద్యోగం ఖాళీ అయినప్పుడు ప్రకటన వెలువడకముందే మనిషి నిశ్చయం కావడం ఆ హక్కులో భాగం కాదు. ఈ మాట ఒక పెద్దమనిషితో అన్నప్పుడు ఆయన చెప్పిన జవాబును దాచకుండా రాస్తున్నాము: "బయట మనవాళ్ళకు ఎవరూ ఉద్యోగాలు ఇవ్వరు బాబూ. మనమూ ఇవ్వకపోతే ఎవరిస్తారు?"

ఇది తేలికగా కొట్టివేయదగిన వాదం కాదు. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో ప్రభుత్వోద్యోగాలలో ముస్లింల వాటా జనాభాతో పోల్చితే ఎంత తక్కువో స్పష్టంగా చూపింది. బయట తలుపులు మూసి ఉన్నప్పుడు ఇంటి తలుపు తెరచి ఉంచాలనడం సహజం. కాని తెరచిన తలుపులోంచి ఎవరు వస్తున్నారు? కమిటీ సభ్యులను ఎరిగినవారి కుమారుడు వస్తున్నాడు. ఆటో నడిపేవాని కూతురు, మన కళాశాలలోనే చదివి మన దగ్గరే మొదటి శ్రేణి తెచ్చుకున్నది, ఖాళీ ఉన్నదన్న సంగతే తెలియక ఇంటిదగ్గర కూర్చుని ఉన్నది. ఆమె మాత్రం మనది కాదా? సిఫారసు వల్ల నష్టపోయేది పరాయివాడని మనం అనుకుంటాము. మేము చూసినంతలో ఎక్కువసార్లు నష్టపోయినది మన వీధిలోని పేదవాడే. మా నియామకం మాట ఏమిటని ఎవరైనా అడగవచ్చు. ప్రకటన చూసే దరఖాస్తు పెట్టాము. అయినప్పటికీ మా మామగారు ఒకరికి ఫోను చేశారని తరువాత తెలిసింది. ఆ ఫోను లేకున్నా వచ్చేదని నమ్ముతాము, నిరూపించలేము. సిఫారసు పొందినవాడికి మిగిలే శిక్ష అదే.

కాబట్టి కార్యవర్గానికి మా విన్నపం చిన్నది. ప్రతి ఖాళీకి, అది ఒక్క నెల పనికైనా సరే, నోటీసు బోర్డుపై పదిహేను రోజుల ముందు ప్రకటన ఉంచాలి. ఎంపిక చేసేవారిలో ఒకరు కళాశాలకు సంబంధం లేనివారై ఉండాలి. దరఖాస్తుదారు బంధువైన సభ్యుడు ఆ రోజు లేచి బయట కూర్చోవాలి. దీనికి ఖర్చు లేదు, మొహమాటం మాత్రం ఉన్నది.

అధికారం చేతిలో ఉండి కూడ ఇటువంటి అలవాట్లు నిలుపుకున్నవారు మన మధ్యనే ఉండేవారు. ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా పనిచేసి 2010లో కన్నుమూసిన ఎస్.ఆర్. శంకరన్ గారు తన గదికి వచ్చిన నిరుపేదలను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడేవారని ఎరిగినవారు చెబుతారు. పద్మభూషణ్ ఇవ్వజూపితే వద్దన్నారు. పెద్ద పురస్కారాన్ని కాదనడం మనబోటివారికి ఎదురుకాని పరీక్ష. కుర్చీ చూపడం ప్రతిదినమూ ఎదురయ్యేదే.

కిటికీ మీది గ్లాసు సంగతి ముగించవలసి ఉన్నది. దానిని తీసి పళ్ళెంలో మిగిలినవాటితో కలిపి పెట్టాము. మరునాడు అది మళ్ళీ కిటికీ మీదనే ఉన్నది. పెట్టినది ఆ అమ్మే. "ఎందుకమ్మా?" అంటే, "ఎందుకులే సారూ, నాకిదే అలవాటు" అన్నది. మేము ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఇవ్వడానికి నోరు రాలేదు. గ్లాసులన్నిటినీ మార్చి, ఒకే రకంవి డజను కొన్నాము. నెలరోజులపాటు ఆమె తన చాయ్‌ని వరండాలో నిలబడే తాగింది. తరువాత గుమ్మం దగ్గర. తరువాత ఒకనాడు, కాళ్ళు నొప్పులని, బల్ల చివర కుర్చీలో కూర్చున్నది. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరిద్దరు లేచి బయటకు వెళ్ళారు; పని ఉండి వెళ్ళారో లేదో మేము అడగలేదు. గత వారం ఆమె, చాయ్‌లో చక్కెర తక్కువైందని అటెండరుతో గట్టిగా వాదిస్తూ ఉండగా మేము తరగతికి వెళ్ళాము.