డిఫెండర్ అంటే మిగిలిపోయినోడు కాదు

మన దగ్గర పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పడమంటే బాల్ తన్నడం నేర్పడమే. ఎక్కడ నిలబడాలి, అక్కడ తన పని ఏంటి అన్నది ఎవరూ చెప్పరు. నన్నడిగితే చెప్పాల్సింది ముందు అదే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఏ ఊళ్ళోనైనా సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్ళి చూడండి. క్రికెట్ వాళ్ళు వదిలేసిన మూలలో ఫుట్‌బాల్ ఆడుతుంటే, బాల్ ఎటు పోతే అందరూ అటే. మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే ఒకే ఫైల్‌ని పదిమంది ఒకేసారి ఎడిట్ చేస్తున్నట్టు. ఇక పొజిషన్లు పంచే పద్ధతి మీకూ తెలుసు. గట్టిగా తన్నేవాడు ఫార్వర్డ్, మిగిలినోళ్ళు డిఫెన్స్, లావుగా ఉన్నవాడు గోల్ కీపర్. నేను చదివిన బడిలోనూ ఇంతే. గోల్‌లో నిలబెట్టినోడికి ఒక్క మాట నేర్పరు, గోల్ పడితే తిట్లు మాత్రం వాడికే. అట్లా ఆట మానేసినోళ్ళు నా క్లాసులోనే ఉన్నారు.

పొజిషన్ అంటే మనకి తెలియక కాదు. 2021 మార్చిలో జూనియర్ నేషనల్ కబడ్డీ పెట్టింది మా సూర్యాపేటలోనే. కబడ్డీలో ఏడుగురికీ ఎవరి చోటు వాళ్ళది. కార్నర్ కాలు పట్టగానే పక్కనున్న కవర్ మీద పడాలి, క్షణం ఆలస్యమైతే రైడర్ గీత దాటుతాడు. ఈ లెక్క చిన్నపిల్లలకి కూడా అర్థమైతది. అదే పిల్లలు ఫుట్‌బాల్‌లో ఎందుకు గుంపైపోతున్నారు? చెప్పేవాళ్ళు లేక.

చెప్పేవాళ్ళు ఉంటే ఏమైతదో మన హైదరాబాదే చూపించింది. బడిలో పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం, 1950 నుంచి 1963లో చనిపోయేదాకా ఇండియా కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో గోల్డ్ ఆయన టీమ్‌వే. డ్రిబ్లింగ్ చేయకూడదని రూల్ పెట్టి టోర్నమెంట్లు ఆడించాడు. బాల్ వదిలేయక తప్పదంటే, తీసుకోడానికి పక్కవాడు సరైన చోట ఉండక తప్పదు కదా! జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడితే, ఆయన్ని ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, అందులో ఒక గోల్ జర్నైల్‌దే. డిఫెండర్లు ఎట్లా ఆలోచిస్తారో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

"పదేళ్ళ పిల్లలకి పొజిషన్లేంటి, హాయిగా ఆడుకోనీ" అని కొందరంటారు. సగం కరెక్టే. ఆ వయసులో ఒకణ్ణి పర్మనెంట్‌గా లెఫ్ట్ బ్యాక్ చేసేస్తే అన్యాయం. కానీ పొజిషన్ నేర్పడం వేరు, పొజిషన్‌లో కట్టేయడం వేరు. ఐదుగురేసి ఆడించండి: ఒకరు గోల్‌లో, ఒకరు వెనక, ఇద్దరు అటూ ఇటూ, ఒకరు ముందు. పది నిమిషాలకోసారి మార్చండి. మారిన ప్రతిసారీ మూడే ప్రశ్నలు అడగండి. బాల్ మన దగ్గరుంటే నీ పనేంటి? వాళ్ళ దగ్గరుంటే? మన దగ్గర్నుంచి పోయిన ఆ క్షణంలో? గోల్ కీపర్‌కి కూడా ఈ మూడు ప్రశ్నలకీ జవాబు ఉంటుంది. వెనకనుంచి గ్రౌండంతా కనిపించేది వాడికే, అరిచి అందరినీ సర్దాల్సిందీ వాడే.

బాగా ఆడేవాడికి ఎవరు నేర్పినా నేర్పకపోయినా బాల్ దొరుకుతుంది. నెమ్మదిగా పరిగెత్తేవాడికి, మొహమాటపడే అమ్మాయికి దొరకదు. "ఈ చోటు నీది, నువ్వు లేకపోతే ఇక్కడ ఖాళీ" అని చెప్పడమంటే, టీమ్‌కి నువ్వు కావాలి అని చెప్పడమే.

దసరా సెలవులకి ఎట్లాగూ ఇంటికి పోతాం. ఒక్క సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి మీ ఊరి గ్రౌండ్‌కి పోండి. మొదట గోల్‌లో నిలబడ్డవాడితో మాట్లాడండి.