టీబీ రోగి ప్రాణాపాయాన్ని తొలిరోజే పసిగట్టవచ్చా? బరువు ఏం చెబుతుంది?

మందులు దాదాపు అందరికీ అవే. సాధారణ టీబీకి కోర్సు ఆరు నెలలే. అయినా చాలామంది కోలుకుంటుంటే, కొందరు చికిత్స మొదలైన కొద్ది వారాల్లోనే చనిపోతున్నారు. ఆ ముప్పు ఎవరికి ఎక్కువో ముందే తెలిస్తే కొన్ని ప్రాణాలైనా కాపాడవచ్చు కదా? పరిశోధకులు వెతికింది అదే. దొరికిన ఆనవాళ్లు చాలా మామూలువి.

ఏమేం చూస్తారు?

తమిళనాడు ప్రభుత్వం 2022లో ‘కాసనోయి ఇరప్పిల్లా తిట్టం’ మొదలుపెట్టింది. టీబీ మరణాలు లేకుండా చేసే పథకం అని అర్థం. టీబీ అని తేలగానే సిబ్బంది కొన్ని విషయాలు చూస్తారు. బీఎంఐ 14 కన్నా తక్కువగా ఉందా? 14-16 మధ్య ఉండి, రెండు కాళ్లకూ వాపు ఉందా? నిమిషానికి 24 సార్లకు మించి ఊపిరి తీస్తున్నారా? రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గిందా? ఆసరా లేకుండా నిలబడగలుగుతున్నారా?

వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా పెద్దాసుపత్రికి పంపి, అవసరమైతే చేర్చుకుంటారు. ల్యాబ్‌తో పనిలేదు. తూకం యంత్రం, ఎత్తు కొలిచే టేపు, పల్స్ ఆక్సీమీటర్ చాలు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తి బరువు 35 కిలోలే ఉంటే బీఎంఐ 14 లోపే ఉన్నట్టు.

బరువు పెరిగితే?

జార్ఖండ్‌లో 2,800 మంది రోగులకు మందులతో పాటు నెలనెలా 10 కిలోల ఆహార సరుకులు ఇచ్చి ‘రేషన్స్’ అనే అధ్యయనం చేశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన వారిలో మరణాల ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. 40 కిలోల మనిషికి 5 శాతం అంటే రెండు కిలోలే!

ఇక్కడే ఒక మెలిక

బరువు పెరగడం వల్లే బతికారా? లేక జబ్బు అంతగా ముదరనివారు ఎలాగూ కోలుకుంటూ బరువు కూడా పెరిగారా? రోగులందరికీ ఆహారం ఇచ్చారు కాబట్టి, ఆ లెక్క ఒక్కటే చూసి తేల్చలేం. ఉరుము వానకు సూచనే కానీ, వాన కురిపించేది ఉరుము కాదు. ఫలితాన్ని ముందే సూచించే అంశం, ఆ ఫలితానికి కారణం ఒకటే కానక్కర్లేదు.

అదే అధ్యయనంలో రోగుల కుటుంబ సభ్యుల సంగతి వేరు. వారిని లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికే అదనంగా బియ్యం, కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. వారిలో కొత్త టీబీ కేసులు 39 శాతం తగ్గాయి. ఇలా పోల్చి చూశారు కాబట్టి, పోషణే కాపాడిందని ఇక్కడ గట్టిగా చెప్పవచ్చు.

మరో మాట. ముప్పు ఎక్కువ అంటే మరణం ఖాయమని కాదు. వైద్యం ముందుగా ఎవరికి కావాలో చెప్పే గుర్తు అది. గుర్తించాక మంచం, ఆక్సిజన్, తిండి అందకపోతే ఆ అంచనా కాగితం మీదే మిగిలిపోతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే...

• చికిత్స మొదలైన రోజు బరువు, ఎత్తు రాయించుకోండి. నెలనెలా తూకం వేయించండి.
• రెండు నెలలైనా బరువు పెరగకపోయినా, తగ్గినా డాక్టరుకు చెప్పండి.
• ఆయాసం, కాళ్ల వాపు, లేవలేనంత నీరసం ఉంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు.
• నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్సా కాలంలో నెలకు రూ.1,000 బ్యాంకు ఖాతాలో పడాలి. 2024 నవంబరు 1 నుంచి ఈ సాయాన్ని రూ.500 నుంచి పెంచారు. రాకపోతే చికిత్స తీసుకుంటున్న ఆరోగ్య కేంద్రంలో నిక్షయ్ ఐడీ, ఖాతా వివరాలు సరిచూసుకోండి.