గడప లోపలి ఆరోగ్యం: కొత్త ఇన్‌స్పెక్టరు కర్తవ్యం

మన కుటుంబాలలో డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు రైల్వే కొలువుల వైపు చూసేటప్పుడు స్టేషన్ మాస్టరు, గుమాస్తా వంటి పదవుల పేర్లే ముందుగా వినవస్తాయి. హెల్త్ అండ్ మలేరియా ఇన్‌స్పెక్టరు అనే పదవి ఒకటి ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవారిలో సైతం, అది పారిశుద్ధ్య సిబ్బందికి హాజరు వేసే పని మాత్రమేనన్న చులకన భావం కానవస్తుంది. ఈ భావానికి మన సమాజంలోని కులదృష్టి కూడా కొంత కారణమనక తప్పదు. చీపురుకు దగ్గరగా ఉన్న ప్రతి పనినీ తక్కువగా చూడడం మనకు అలవాటైపోయినది. వాస్తవానికి ఇది శాస్త్రజ్ఞానమూ, నిర్భయత్వమూ సమపాళ్లలో కావలసిన ఉద్యోగం.

ముందుగా అర్హతల సంగతి. 2024లో రైల్వే నియామక మండళ్లు ప్రకటించిన పారామెడికల్ ఉద్యోగాలలో ఈ పదవికి దేశమంతటికీ కలిపి 126 ఖాళీలు చూపబడినవి. రసాయన శాస్త్రం చదివిన బి.ఎస్సీ. పట్టా, దానితోపాటు హెల్త్ లేదా శానిటరీ ఇన్‌స్పెక్టరు విద్యలో ఒక సంవత్సరం డిప్లొమా, లేదా అదే విద్యలో జాతీయ వృత్తి ధ్రువపత్రం ఉండాలన్నారు. ప్రారంభ మూలవేతనం 35,400 రూపాయలు. ఖాళీలు స్వల్పమే కనుక మన పిల్లలు పురపాలక సంఘాల శానిటరీ ఇన్‌స్పెక్టరు నియామకాలను కూడా గమనిస్తూ ఉండడం మంచిది. పని స్వభావం రెండు చోట్లా ఇంచుమించు ఒకటే.

ఈ పదవి పేరులో ఉన్న మలేరియాకు మన నేలతో గాఢమైన సంబంధం ఉన్నది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులోని బేగంపేటలోనే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. రోగానికి మూలం రోగి దేహంలోనే కాక, అతని ఇంటి చుట్టూ నిలిచిన నీటిలో కూడా వెదకాలన్న పాఠం ఆ పరిశోధన నుండి వచ్చినదే. వైద్యుడు మంచం దగ్గర చేసే పనిని ఇన్‌స్పెక్టరు నీటితొట్టి దగ్గర చేస్తాడు.

ఆ పని ఎట్లా ఉంటుందో చూద్దాం. త్రాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారత ప్రమాణం చెబుతున్నది. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర పరీక్ష చేసి తృప్తిపడితే చాలదు. కాలనీలో చిట్టచివరి క్వార్టరు కుళాయి దగ్గర పరీక్షించాలి. నీరు విడువని వేళలలో ఖాళీ గొట్టం పక్కనున్న మురుగును పగుళ్ల ద్వారా లోనికి లాగుకుంటుంది. ఆ నేరం చివరి కుళాయి దగ్గరే బయటపడుతుంది.

దోమల విషయం కూడా ఇటువంటిదే. డెంగ్యూను వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురికి కాలువలో కాక, ఇంటిలోని మంచినీటి తొట్టిలో, కూలర్ అడుగున, పాత టైరులో పెరుగుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది దినాలు చాలు. అందువల్లనే వారానికొక పర్యాయం పాత్రలు ఖాళీచేయమంటారు. అయితే నీరు పారబోసినంత మాత్రాన పని తీరదు. గోడకు అంటిన గుడ్లు ఎండలో సైతం నెలల తరబడి బ్రతికి ఉండగలవు కనుక పాత్రను గట్టిగా తోమాలి. ఈ కారణాన్ని గృహిణికి వివరించగల ఇన్‌స్పెక్టరుకు తలుపులు తెరచుకుంటాయి. కేకలు వేసేవానికి అవి మూసుకుంటాయి.

ఇక పాత క్వార్టర్లు. గృహాలంకరణ రంగులలో సీసం 90 పి.పి.ఎమ్. మించరాదన్న నియమం 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చినది. అంతకు ముందు వేసిన రంగు ఇప్పటికీ ఎన్నో తలుపుల మీద, కిటికీ చువ్వల మీద ఉండవచ్చు. దానిని పొడిగా గీకితే లేచే ధూళి పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. పాత సిమెంటు రేకులలోని ఆస్‌బెస్టాస్ క్యాన్సరు కారకం. వాటిని పగులగొట్టడం, రంధ్రాలు పొడవడం ప్రమాదకరం. పై కప్పు కారడం, గోడలు చెమ్మగిల్లడం ఉబ్బసానికి తోడ్పడతాయి. వీటినన్నిటినీ కనిపెట్టి వ్రాయవలసినది ఇన్‌స్పెక్టరే.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష సెప్టిక్ ట్యాంకు దగ్గర ఎదురవుతుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దానిలోనికి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించినది. అందులో మరణించినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచినది. కంట్రాక్టరు మనిషి నడుముకు తాడు కట్టుకొని నిలుచున్న క్షణంలో, పై అధికారి తొందర చేస్తున్నా సరే, పని ఆపించగలవాడే నిజమైన ఇన్‌స్పెక్టరు. అక్కడ మౌనం వహించేవాడు ఎన్ని పట్టాలు సంపాదించినా నిష్ప్రయోజనం.

ఇక్కడొక అభ్యంతరం వినవస్తుంది. ఇన్‌స్పెక్టరు లోపాలను వ్రాయగలడే గాని మరమ్మత్తు చేయించే అధికారం అతనికి లేదు, అది ఇంజనీరింగు శాఖది, నిధులు లేనప్పుడు వ్రాసి ప్రయోజనమేమి? అని. ఈ వాదనలో కొంత నిజం ఉన్నది. కాని నిధులు రాకపోవడానికి వ్రాయకపోవడమే ఒక ముఖ్య కారణం. రిజిష్టరులో ‘సంతృప్తికరం’ అని పడిన క్వార్టరుకు ఏ ఎస్టిమేటులోనూ చోటు దొరకదు. కాగితం మీద లేని పగులు యాజమాన్యం దృష్టిలో పగులే కాదు. ఆ ఒక్క మాట వ్రాయడం సులభం. దాని ఫలితాన్ని మాత్రం ఆ ఇంటిలోని పసివాడు అనుభవిస్తాడు.

తపాలా సోదరుల పరిస్థితి మరొక విధంగా ఉన్నది. చాలామంది అద్దె ఇండ్లలో నివసిస్తున్నారు. గ్రామీణ బ్రాంచి పోస్టుమాస్టరు కార్యాలయానికి కావలసిన చోటును తానే సమకూర్చుకోవాలి. ఇల్లే కార్యాలయమైనచోట ఇంటి చెమ్మ, ఇంటి పొగ, ఇంటి నీరు పని పరిస్థితులలో భాగమే అవుతాయి. వాటిని తనిఖీ పరిధిలోనికి తేవడం న్యాయం.

కావున మనం మూడు విషయాలు కోరవలసి ఉన్నది. తనిఖీ నివేదిక నకలును నివాసికి ఇవ్వాలి. ప్రతి లోపానికి ఎదుట బాధ్యుడైన అధికారి హోదాను, మరమ్మత్తు గడువు తేదీని నమోదు చేయాలి. నీటి పరీక్ష సాధనాలు, అవసరమైన సిబ్బంది లేకుండా ఇన్‌స్పెక్టరుపై కొత్త బాధ్యతలు మోపరాదు.

కొత్తగా చేరే యువతీయువకులకు మా మాట ఇది: మొదటి నెలలోనే మీ పరిధిలోని ప్రతి వీధినీ కాలినడకన తిరగండి. నివాసుల మాట వినండి, పారిశుద్ధ్య కార్మికుల మాట అంతకంటె శ్రద్ధగా వినండి. ఏ మూత క్రింద ఏమున్నదో వారికే తెలుసు. చూచినది చూచినట్లు, తేదీ వేసి వ్రాయండి. అట్లా వ్రాసినందుకు మీకు ఇబ్బంది కలిగిననాడు మీ వెంట నిలువవలసిన బాధ్యత, ఆ క్వార్టర్లలో నివసించే మనందరిదీ.