పాసుల లెక్క చెప్పండి, టికెట్లు డిప్ తీయండి

2018 అక్టోబరు 24న విశాఖ పీఎం పాలెం స్టేడియంలో భారత్, వెస్టిండీస్ వన్డే టై అయింది. కోహ్లీ 157 కొట్టి నాటౌట్‌గా మిగిలాడు, ఆ ఇన్నింగ్స్‌లోనే వన్డేల్లో పదివేల పరుగులు దాటాడు. ఆఖరి బంతికి షై హోప్ ఫోర్ కొట్టి స్కోరు 321 దగ్గర సమం చేశాడు. ఉత్తరాంధ్రలో క్రికెట్ చూసేవాళ్లు ఇప్పటికీ ఆ రోజు గురించి చెప్పుకుంటారు. కానీ ఆ మ్యాచ్ మొదట మనకు కేటాయించింది కాదన్న సంగతి చాలామందికి గుర్తు లేదు. అది ఇండోర్‌లో జరగాల్సింది. ఉచిత పాసుల దగ్గర క్రికెట్ బోర్డుకీ మధ్యప్రదేశ్ సంఘానికీ కుదరక విశాఖకు మారింది.

అప్పటికి బోర్డుకు కొత్త రాజ్యాంగం వచ్చింది. స్టేడియంలో తొంభై శాతం టికెట్లు జనానికి అమ్మాలి, పాసులు పది శాతం మించకూడదు. ఆ పది శాతంలో పెవిలియన్ వైపు తనకూ వాటా కావాలని బోర్డు అడిగింది. ఉన్నవే మావాళ్లకు చాలవని ఇండోర్‌వాళ్లు అన్నారు. చివరికి మ్యాచ్ అక్కడినుంచి తరలిపోయింది. ఊరికి వచ్చిన అంతర్జాతీయ మ్యాచ్‌ని వదులుకునేదాకా వెళ్లిందంటే పాసుల మీద పట్టుదల ఎంతటిదో చూడండి. డబ్బు పెట్టి కొనుక్కుని చూద్దామనుకున్న ఇండోర్ కుర్రాడి తరఫున మాత్రం ఆ చర్చల్లో ఒక్కరూ లేరు. విశాఖ కుర్రాడి తరఫున కూడా ఇవాళ్టికీ ఎవరూ లేరు. నా బాధంతా అదే.

నర్సీపట్నం అబీద్ సెంటర్ దగ్గర నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. హాల్ టికెట్లు, ఈసీలు, పాన్ కార్డులు, తిరుమల దర్శనాలు, ఇవే నా పని. విశాఖలో మ్యాచ్ ఉందంటే టికెట్లు వదిలే రోజు పొద్దున్నే షట్టర్ దగ్గర కుర్రాళ్లు ఉంటారు. గొలుగొండ, రోలుగుంట, మాకవరపాలెం నుంచి బైకుల మీద వస్తారు. చింతపల్లి నుంచి ఘాట్ దిగి వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఊళ్లో ఆ టైముకి సిగ్నల్ ఉంటుందో ఉండదో అని భయం. సరిగ్గా టైము అయ్యేసరికి "అన్నయ్యా, బేగి నొక్కు, బేగి" అని వెనకనుంచి కేకలు. తెర మీద చిన్న బొమ్మ తిరుగుతూ ఉంటుంది, మన ముందు ఎంతమంది ఉన్నారో అంకె కనిపిస్తూ ఉంటుంది. ఆ అంకె తగ్గి మన వంతు వచ్చేసరికి తక్కువ ధర స్టాండ్లన్నీ బూడిదరంగులోకి మారిపోతాయి. సీటు దొరికిందనుకుంటే ఓటీపీ రాదు. ఓటీపీ వస్తే డబ్బు ఖాతాలోంచి పోతుంది, టికెట్ రాదు. డబ్బు తర్వాత వెనక్కి వస్తుంది, మ్యాచ్ రాదు. ఆ మధ్యాహ్నానికల్లా అవే టికెట్లు ఎవరి దగ్గరో మూడింతల రేటుకి ఉన్నాయని వాట్సాప్‌లో మెసేజ్ మాత్రం వస్తుంది.

దొరికినవాడి కష్టం ఇంకొకటి. కొన్ని మ్యాచ్‌లకు ఫోన్‌లో వచ్చింది టికెట్ కాదు, రసీదు. దాన్ని తీసుకెళ్లి విశాఖలో కౌంటర్ దగ్గర అసలు కాగితం టికెట్‌గా మార్చుకోవాలి. ఎంవీపీ కాలనీలో ఉన్నవాడికి అది సాయంకాలం స్కూటర్ పని. మాకు విశాఖ రమారమి ఎనభై కిలోమీటర్లు. పైగా స్టేడియం ఊరికి అవతలి కొసన, మధురవాడ వైపు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగి మళ్లీ బస్సు పట్టుకోవాలి. టికెట్ మార్చుకోడానికి ఒకసారి, మ్యాచ్‌కి ఒకసారి. కూలి పని చేసుకునేవాడికి రెండు రోజుల కూలి, రెండుసార్ల ఛార్జీలు. రాత్రి మ్యాచ్ అయితే తిరుగు బస్సు ఉండదు, కాంప్లెక్స్‌లోనే తెల్లవారుతుంది. ఇవన్నీ కలిపితే టికెట్ మీద అచ్చువేసిన ధర అసలు ఖర్చులో చిన్న ముక్క.

ఆన్‌లైన్ ఎత్తేసి కౌంటర్లలోనే అమ్మమంటారు కొందరు పెద్దలు. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్స్‌లో ఏం జరిగిందో వాళ్లకు గుర్తు చేయాలి. ఉప్పల్‌లో ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం వేలమంది వచ్చారు, తొక్కిసలాట జరిగింది, లాఠీలు లేచాయి, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. క్యూలో నిలబడి తీసుకోవడం న్యాయంగా కనిపిస్తుంది గానీ, ఆ క్యూ ఉన్న ఊరివాడికే న్యాయం. ఒంట్లో బలమున్నవాడికి ఇంకాస్త ఎక్కువ న్యాయం. ఆడపిల్లకీ, ముసలాయనకీ అందులో చోటే లేదు.

ఇక పాసులు. 2025 ఐపీఎల్ నడుస్తుండగా సన్‌రైజర్స్ జట్టు హైదరాబాద్ క్రికెట్ సంఘం మీద బహిరంగంగా ఆరోపణ చేసింది. ఒప్పందం ప్రకారం ఇచ్చే 3,900 ఉచిత టికెట్లు చాలక ఇంకా కావాలని ఒత్తిడి చేస్తున్నారని, ఒక కార్పొరేట్ బాక్సుకు తాళం కూడా వేశారని చెప్పింది. సంఘం కాదంది. తెలంగాణ ప్రభుత్వం విజిలెన్స్ విచారణకు ఆదేశించింది. ఎవరిది తప్పన్నది విచారణలు తేల్చాల్సిన మాట. నేను చూసేది ఆ 3,900 అంకెని. ఒక్కో మ్యాచ్‌కి అన్ని సీట్లు ఉచితంగా వెళ్తాయని మామూలు జనానికి మొదటిసారి తెలిసింది, అదీ వాళ్లలో వాళ్లు పోట్లాడుకున్నారు కాబట్టి. మన విశాఖ స్టేడియంలో సుమారు 27 వేలమంది పడతారు. పది శాతమంటే 2,700. స్పాన్సర్లకు ఎన్ని? క్లబ్బులకు ఎన్ని? బందోబస్తు పేరుతో ఎన్ని? మిగిలినవాటిలో ఆన్‌లైన్‌లో పెట్టింది ఎన్ని? అమ్మకం మొదలయ్యే ముందు రోజు ఈ నాలుగు అంకెలు పేపర్లో వేస్తే నా దగ్గరకొచ్చే కుర్రాళ్లు ఇంత కోపంగా ఉండరు. ఓడిపోవడం వాళ్లకు తెలుసు, రోజూ గ్రౌండులో ఓడుతూనే ఉంటారు. ఆట మొదలవకముందే ఓడించారన్న అనుమానమే వాళ్లని తినేస్తోంది.

పాసులవాళ్ల వల్ల టికెట్టు కొన్నవాడికి ఎంత నష్టమో 2025 డిసెంబరు 13న కోల్‌కతాలో చూశాం. మెస్సీ వస్తున్నాడని సాల్ట్ లేక్ స్టేడియానికి జనం వేలకు వేలు పోసి వెళ్లారు. పెద్దమనుషులూ వాళ్ల వెంట వచ్చినవాళ్లూ మెస్సీ చుట్టూ గోడ కట్టేశారు. గ్యాలరీలో ఉన్నవాడికి మెస్సీ కనపడలేదు, కాసేపటికే వెళ్లిపోయాడు. కుర్చీలు విరిగాయి, నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు. కుర్చీలు విరగ్గొట్టడం తప్పే. కానీ ఆ కోపాన్ని నేను అర్థం చేసుకోగలను.

ఫుట్‌బాల్ దేశాల్లో ఈ గొడవ పాతది. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మా అక్క కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే చెబుతాడు: "మావయ్యా, ఇక్కడ ఫైనల్‌కి డబ్బుంటే చాలదు, పాయింట్లుండాలి." వెంబ్లీలో 90 వేలమంది పడతారు. ఎఫ్ఏ కప్ ఫైనల్‌కి అవన్నీ రెండు క్లబ్బుల అభిమానులకే ఇవ్వరు, సంఘాలకూ స్పాన్సర్లకూ కొంత పోతుంది. క్లబ్బుకు వచ్చిన వాటా చాలదని అభిమానులు ఏటా పోట్లాడతారు. ఆ వాటాలో చాలా క్లబ్బులు మొదటి చోటు ఎవరికిస్తాయంటే, వానలో చిన్న మ్యాచ్‌లకు, దూరపు ఊళ్ల మ్యాచ్‌లకు వెళ్లి పాయింట్లు సంపాదించుకున్నవాళ్లకు. ధరల మీద కూడా అక్కడి జనం ఊరుకోలేదు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ 77 పౌండ్ల టికెట్ పెడతానంటే, ఆట 77వ నిమిషంలో వేలమంది లేచి బయటకు నడిచారు. క్లబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఏడే బయటి ఊరి మ్యాచ్‌కి వెళ్లే అభిమానికి ప్రీమియర్ లీగ్ 30 పౌండ్ల పరిమితి పెట్టింది. 2026 ప్రపంచ కప్‌కి మ్యాచ్ ఆడే రెండు దేశాల సమాఖ్యలకూ ఫిఫా ఎనిమిదేసి శాతం టికెట్లు కేటాయించింది. వాటి ధరలు చూసి అభిమాన సంఘాలు భగ్గుమంటే, 2025 డిసెంబరులో అందులో కొన్నింటిని 60 డాలర్లకు దించింది. అడిగితే దిగుతారు. అడగడానికి మనకు సంఘమే లేదు.

పాయింట్ల పద్ధతి గురించి మా సెంటర్‌లో పెద్ద వాదనే జరిగింది. ఒక కుర్రాడు అన్నాడు, "ఖాళీ గ్యాలరీలో రంజీ మ్యాచ్ చూసినోడికి వన్డే టికెట్ ముందివ్వాలి అన్నయ్యా, ఆడిదే నిజమైన పిచ్చి." వినగానే నాకూ నచ్చింది. రంజీ చూడటానికి నలుగురొచ్చినా ఆడే పిల్లలకు బలమే కదా. పక్కనే ఉన్న చింతపల్లి కుర్రాడు ఊరుకోలేదు. "నాలుగు రోజుల రంజీకి నేనెలా రాను? పని మానేసి వైజాగ్‌లో ఎక్కడుండను? ఊర్లో ఉన్నోడికే పాయింట్లు, మళ్లీ ఆడికే టికెట్." అతనే గెలిచాడు. ఇంగ్లండ్‌లో దూరపు మ్యాచ్‌కి రైలుంది. మనకు ఘాట్ రోడ్డు ఉంది.

అందుకే నేను డిప్ అంటాను. అదేమిటో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. తిరుమలలో సుప్రభాతం, తోమాల, అర్చన టికెట్లకు దేవస్థానం ఎలక్ట్రానిక్ డిప్ తీస్తుంది. ఆధార్‌తో పేరు నమోదు చేసుకోడానికి రెండు రోజులు ఇస్తుంది. మొదటి నిమిషంలో నొక్కినా, రెండో రోజు రాత్రి నొక్కినా అవకాశం ఒక్కటే. ఆ రిజిస్ట్రేషన్లు నేను ప్రతి నెలా చేస్తున్నాను. రానివాళ్లు "స్వామి పిలవలేదు" అని వెళ్లిపోతారు గానీ, మోసం జరిగిందని నాతో ఒక్కరూ అనలేదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాతి వైకుంఠ ఏకాదశికి, డిసెంబరు 30 నుంచి మొదటి మూడు రోజుల టోకెన్లను దేవస్థానం డిప్‌లోనే ఇచ్చింది. దేవుడి దర్శనానికి పనికొచ్చిన పద్ధతి క్రికెట్‌కి ఎందుకు పనికిరాదో నాకు ఎవరైనా చెప్పాలి.

డిప్ తీస్తే ఆట తెలియనివాడికి తగులుతుందని అంటారు. తగలనివ్వండి. ఆట మొదటిసారి చూసినవాడు రెండోసారి కొనుక్కుని వస్తాడు. బ్లాకులో అమ్మేస్తాడంటారా, టికెట్ మీద పేరు వేయండి, గేటు దగ్గర ఆధార్ చూడండి. రాలేకపోయినవాడు కొన్న ధరకే సంఘానికి తిరిగి ఇచ్చే వీలు పెట్టండి, అది డిప్‌లో తర్వాతి పేరుకి వెళ్తుంది. ఫోన్‌లో కోడ్ స్కాన్ చేసి లోపలికి పంపండి. మార్చుకునే కౌంటర్ ఇక వద్దే వద్దు. ధర తగ్గించడం కూడా చేతకాని పని కాదు. 2025 మహిళల ప్రపంచ కప్‌లో భారత్, దక్షిణాఫ్రికా మ్యాచ్, భారత్, ఆస్ట్రేలియా మ్యాచ్ విశాఖలోనే జరిగాయి. ఆ కప్ లీగ్ మ్యాచ్‌లకు టికెట్ వంద రూపాయల నుంచి మొదలైంది.

ఆంధ్ర క్రికెట్ సంఘాన్ని నేను అడిగేది విశాఖలో జరగబోయే తర్వాతి మగవాళ్ల మ్యాచ్ గురించి. అమ్మే టికెట్లలో నాలుగో వంతు, అదీ తక్కువ ధర స్టాండ్లలో, నగరం బయటివాళ్లకు పక్కన పెట్టండి. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు వేర్వేరుగా డిప్ తీయండి. ఆర్టీసీతో మాట్లాడి మ్యాచ్ అయ్యాక స్టేడియం దగ్గరినుంచే మా డిపోకి రెండు బస్సులు వేయించండి. పేర్లు నమోదు చేసుకోడానికి రెండు రోజులు టైమివ్వండి. ఆ రెండు రోజులూ నా సెంటర్‌లో ఏ కుర్రాడి దగ్గరా రూపాయి తీసుకోను.